స్పీడులో బానే ఉంటుంది, స్లోలోనే జర్కులు

మా పికప్ 80లో పెడితే కూనిరాగం తీసుకుంటూ పోతుంది. దాని రోగమంతా 10 నుంచి 25 లోపలే. రెండో గేరులో యాక్సిలేటర్ మీద కాలు సన్నగా ఆనించి పోతుంటే ముందుకో తోపు, వెనక్కో లాగుడు. ఆగి ఉన్న బండిని మేత లోడుతో కదిలిస్తే కింద ఎక్కడో టంగుమని ఓ దెబ్బ, ఆ వెంటనే సీటు అడుగు నుంచి వణుకు. మలుపు తిప్పితే ఇంకో రకం. ఇవన్నీ కలిపి ఇంట్లో మేం అనే మాట ఒకటే: బండి జర్కులు కొడుతోంది.

హైవే మీద తిరిగేవాళ్లయితే దీన్ని పట్టించుకోకుండా ఏడాది నెట్టుకురావచ్చు. మాకు ఆ వీలు లేదు. ఉప్పుటేరు పక్కన రొయ్యల చెరువులు మావి. మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు, జనరేటర్‌కి డీజిల్ డ్రమ్ములు, అన్నీ ఈ బండి మీదే గట్టెక్కుతాయి. వాన పడితే మా నల్లమట్టి గట్టు మీద మామూలు బండి పది అడుగులు కూడా వెళ్లదు, చక్రం ఉన్నచోటే తిరిగి ఇరుసు దాకా దిగబడిపోతుంది. ఫోర్ వీల్ కొనుక్కున్నది అందుకే. అయితే గట్టు మీద ఫోర్ వీలైనా 20 దాటించలేం, కాస్త అటూ ఇటూ అయితే చెరువులోనే. అంటే మా బండి బతుకంతా సరిగ్గా ఆ జర్కులు వచ్చే స్పీడులోనే గడుస్తుంది.

బండి 2018 మోడల్, బీఎస్4 డీజిల్, మాన్యువల్ గేర్లు. కంపెనీ పేరు రాయను. ఇది కంపెనీ మీద కంప్లైంట్ కాదు. ఇక్కడ చెప్పేవి ఉప్పునీళ్లు, బురద, బరువు కలిసి ఏ ఫోర్ వీల్ పికప్‌కైనా చేసే పనులే.

ముందు టౌన్‌లో ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. స్కానర్ పెట్టారు, ఎర్రర్ కోడ్ ఏదీ రాలేదు. కోడ్ లేకపోయినా అక్కడి కుర్రాడు కాసేపు స్క్రీన్ మీద అంకెలు చూసి, "రైల్ ప్రెజర్ నిలబడట్లేదు సార్, ఇంజెక్టర్లు వీక్ అయ్యాయి, నాలుగూ మార్చేద్దాం" అన్నాడు. రైల్ ప్రెజర్ అంటే, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని అందించే గొట్టంలోని ఒత్తిడి. ఎస్టిమేట్ కాగితం చూస్తే గుండె జారింది. ఇంజెక్టర్లు నిజంగా పోయిన డీజిల్ బండి వేరే లక్షణాలు కూడా చూపిస్తుంది. పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు తిప్పితే గాని అందుకోదు, పొగ వదులుతుంది, ఆగి ఉన్నప్పుడే ఇంజన్ ఊగిపోతుంది. నా బండికి అవేవీ లేవు. పైగా ఇంజెక్టర్ మీద అనుమానం ఉంటే రిటర్న్ టెస్ట్ అని ఒకటి చెయ్యాలి. నాలుగింటి రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు తగిలించి ఇంజన్ నడిపితే, ఏ సీసా మిగతా వాటికంటే బాగా ముందు నిండుతుందో ఆ ఇంజెక్టర్ లోపల అరిగిందని లెక్క. ఆ టెస్ట్ చేశారా అని అడిగితే చేశామనీ అనలేదు, చేస్తామనీ అనలేదు. తాళాలు తీసుకుని వచ్చేశాను.

మా మేస్త్రి లారీల కింద పెరిగిన మనిషి. బానెట్ ఎత్తలేదు, స్టూలు మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎప్పుడు కొడతందండి బాబుగారూ?"

"స్లోలో."

"స్లోలో అంటే? కదిలేటప్పుడా, పోతా ఉన్నప్పుడా? లోడు మీదా, ఖాళీగానా? తిన్నగా పోతంటేనా, తిప్పుతంటేనా? టూ వీల్లోనా, ఫోర్ వీల్లోనా? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?"

కంప్యూటర్‌లో ఏమీ రాలేదని చెప్పాను. "అది ఇంజను సంగతే చెబుద్దండి. కింద జాయింట్ల సంగతి దానికేం తెలుసు?" అన్నాడు.

ఆ ప్రశ్నలే అసలు ట్రబుల్‌షూటింగ్. వాటికి జవాబులు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. తర్వాత వారం పాటు నేనూ మా డ్రైవర్ కుర్రాడూ జర్క్ వచ్చిన ప్రతిసారీ పక్కన పేపరు మీద రాసుకున్నాం: ఏ గేరు, ఎంత స్పీడు, ఆర్పీఎం ముల్లు ఎక్కడుంది, లోడు ఉందా లేదా, తిన్నగానా మలుపా.

ఇంజన్ జర్క్‌నీ కింది జర్క్‌నీ విడదీయడానికి స్కానర్ అక్కర్లేదు, మీటర్‌లో ఆ రెండు ముళ్లు చాలు. జర్క్ ఆర్పీఎం వెంట పోతోందా, బండి స్పీడు వెంట పోతోందా అన్నదొక్కటే చూడాలి. నా బండి రెండో గేరులో 20 దాటుతుండగా ఊగడం మొదలయ్యేది, ముల్లు 1,500 దగ్గర. మూడో గేరులో వేసి చూస్తే 20లో కాదు, 35 దగ్గర అదే ఊగుడు, ముల్లు మళ్లీ 1,500 దగ్గరే. అంటే ఇది ఇంజన్ వెంట వస్తోంది. ఒకటి గుర్తుంచుకోవాలి, మూడో గేరులో 20కి పడిపోతే ఏ ఇంజనైనా మూలుగుతూ కొట్టుకుంటుంది. అది రోగం కాదు, గేరు తప్పు. అందుకని కింది గేర్లలోనే పోల్చి చూడాలి.

ఫోర్ వీల్ ఉన్నవాళ్లకి ఇంకో సదుపాయం ఉంది, 4ఎల్. లో రేంజిలో వేస్తే అదే గేరులో అదే ఆర్పీఎంకి బండి స్పీడు సగానికంటే కిందికి పడిపోతుంది. గట్టు మీద మెత్తటి మట్టిలో తిన్నగా పోతూ 4ఎల్ రెండో గేరులో 1,500 దగ్గర పెడితే బండి 10 లోపే నడుస్తోంది, ఊగుడు మాత్రం ఉంది. ఇక అనుమానం లేదు. ఈ పరీక్ష తారు రోడ్డు మీద చెయ్యకండి, ఎందుకో కింద చెప్తాను.

కదిలేటప్పటి టంగు, వణుకు మాత్రం దీనికి లొంగలేదు. అది ఒకటో గేరులోనూ అంతే, రెండో గేరులోనూ అంతే. ముల్లు ఎక్కడున్నా సరే, బండి 10 నుంచి 20కి చేరేదాకా ఉండి ఆ తర్వాత పోతుంది. లోడు ఉంటే ఎక్కువ, ఖాళీగా ఉంటే తక్కువ. ఇది గేర్‌బాక్స్‌కి వెనక ఉన్న సరుకు. క్లచ్ తొక్కి వదిలేస్తే మాయమవుతోంది కదా, ఇంజనే అనుకోవచ్చు కదా అని మా బావమరిది వాదన. క్లచ్ తొక్కితే షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే ఇనప గొట్టం) మీద లాగుడు కూడా పోతుంది, అరిగిన జాయింట్ కూడా నోరు మూసుకుంటుంది. కాబట్టి ఒక్క క్లచ్ పరీక్షతో తేల్చెయ్యకూడదు.

అలా తేలిందేమంటే, మేం ఒక్క జర్క్ అనుకున్నది ఒకటి కాదు. ఇంజన్‌లో ఒకటి, షాఫ్ట్‌లో ఒకటి, ఫోర్ వీల్‌లో ఇంకోటి. ఒకటి బాగుచేస్తే రెండోది ఉండిపోతుంది, మనం "అది కాదన్నమాట" అనుకుని వేరే పార్టులు మారుస్తూ పోతాం. పికప్ ఓనర్లు చాలామంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇంజన్ సంగతి ముందు. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే చిన్న మర ఉంటుంది. మేస్త్రి దాని కింద ఖాళీ వాటర్ బాటిల్ పట్టి వదిలాడు. కాసేపు ఎండలో పెడితే అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, దాని పైన డీజిల్, మధ్యలో గోధుమరంగు నలక. ఆ డీజిల్ ఎక్కడిదో నేను చెప్పక్కర్లేదు, ఆక్వా చేసేవాళ్లందరికీ తెలుసు. జనరేటర్ కోసం షెడ్డులో డ్రమ్ములు పెట్టుకుంటాం, అర్జెంటుగా ఉన్నప్పుడు పికప్‌కీ అందులోంచే కొడతాం. సగం ఖాళీ డ్రమ్ములో పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ లోపలి గోడలకు చెమ్మ పడుతుంది, అది బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. మన చేతిపంపు గొట్టం కూడా అడుగునే ఉంటుంది. పాత జనరేటర్ ఇంజన్ కాస్త నీళ్లకి దగ్గి ఊరుకుంటుంది. కామన్ రైల్ పంపు ఊరుకోదు. అందులో డీజిల్‌ని సన్నటి కొలతతో వదిలే వాల్వ్ ఒకటి ఉంటుంది, సక్షన్ కంట్రోల్ వాల్వ్. నీళ్లకీ తుప్పుకీ అది బిగుసుకుంటే, కాలు బాగా తొక్కినప్పుడు తెలియదు, సన్నగా ఆనించినప్పుడే ప్రెజర్ ఎక్కీ దిగీ బండిని ఊపుతుంది.

ఫిల్టర్ మార్చి, ట్యాంకు దించి కడిగిస్తే సగం తగ్గింది. మిగతా సగం ఆ వాల్వ్ మార్చాక పోయింది. కొన్ని బళ్లలో ఈ వాల్వ్ మార్చాక స్కానర్‌తో లెర్నింగ్ (కొత్త వాల్వ్‌ని బండి కంప్యూటర్‌కి అలవాటు చేయడం) కూడా చేయించాలి, లేకపోతే ఐడిల్, అంటే ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం, కుదురుకోదు. ఫోన్‌కి కలుపుకునే చిన్న ఓబీడీ డాంగిల్ నా దగ్గర ఉంది. వాల్వ్ మార్చక ముందు ఐడిల్‌లో 300 బార్ అటూఇటూ ఉండాల్సిన రైల్ ప్రెజర్ ఒకచోట నిలవకుండా ఎగిరేది. ఇప్పుడు ఇంజన్ అడిగే ప్రెజర్, పంపు ఇచ్చే ప్రెజర్ రెండు అంకెలూ జంటగా నడుస్తున్నాయి. వర్క్‌షాపు కుర్రాడు చూసిన అంకెలు నిజమే, చెప్పిన కారణమే వేరు. ఇంజెక్టర్లు పాతవే, ఇప్పటికీ అవే.

పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ కూడా విప్పి చూశాం. మసి పట్టి ఉంది గాని ఇరుక్కోలేదు, కడిగి పెట్టేశాం. ఎయిర్ పైపులు, క్లిప్పులు చూశాం. క్లచ్ అనుమానం కూడా తీర్చుకున్నాం. చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ మెల్లగా వదిలితే వణుకు రాకుండా ఇంజన్ బరువెక్కింది. క్లచ్ ప్లేటుకు ఆయిల్ తగిలి ఉంటే అక్కడే గడగడలాడేది.

ఇక షాఫ్ట్. పొడుగు పికప్‌లకి వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలు. మధ్యలో ఛాసిస్‌కి వేలాడదీసిన సెంటర్ బేరింగ్, దాని చుట్టూ దళసరి రబ్బరు. ముక్కల చివర్లలో వంపులో కూడా తిరగనిచ్చే క్రాస్ జాయింట్లు, ఒకచోట ముందుకీ వెనక్కీ జరిగే స్లిప్ జాయింట్. గోనెసంచులు పరుచుకుని నేనూ కింద దూరాను. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వేసే ఉంది. మేస్త్రి షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పినట్టు అటూ ఇటూ ఆడించాడు. వెనక హౌసింగ్ (ఇరుసు మధ్యలోని గేర్ల డబ్బా) దగ్గరి క్రాస్‌లో టిక్ టిక్‌మని ఆట. టార్చి వేసి చూపించాడు. క్రాస్‌కి నాలుగు కప్పులుంటాయి కదా, వాటిలో ఒక కప్పు చుట్టూ ఎర్రటి పొడి, కుంకుమ రాలినంత మెత్తగా. గ్రీజు ఎండిపోయి లోపల ఇనుము ఇనుముని తింటుంటే వచ్చే తుప్పు పొడి అది.

గ్రీజు గన్ తెచ్చి నిపుల్‌కి పెట్టి కొట్టాడు. ఒక కప్పు నుంచి నల్లటి పాత గ్రీజు చీదినట్టు బయటికొచ్చింది, తర్వాత కొత్త గ్రీజు. రెండోది, మూడోది కూడా అంతే. ఎర్ర పొడి ఉన్న నాలుగోది మాత్రం ఎంత కొట్టినా రాలేదు, లోపల దారి మూసుకుపోయింది. సర్వీసులో గ్రీజు కొట్టామని బిల్లు మీద రాస్తారు. కొట్టడం నిజమే కావచ్చు, నాలుగు కప్పుల నుంచీ వచ్చిందా అన్నది ఎవరూ చూడరు. మీ బండికి చేయించేటప్పుడు పక్కన నిలబడి నాలుగూ లెక్కపెట్టండి.

విప్పే ముందు మేస్త్రి షాఫ్ట్ మీద, క్రాస్‌ని పట్టుకునే యోక్ మీద, హౌసింగ్ ఫ్లాంజ్ మీద తెల్ల పెయింటుతో ఒకే వరసలో గీతలు పెట్టాడు. ఇది ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది. వంపులో తిరిగే క్రాస్ జాయింట్ ఒక వింత చేస్తుంది. ఇటువైపు షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతున్నా, అటువైపు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో క్రాస్ దానికి సరిగ్గా ఎదురు పనిచేసి ఆ తేడాని కొట్టేస్తుంది. రెండు యోక్‌లూ ఒకే వరసలో ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. స్లిప్ జాయింట్ బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పి కూర్చున్నా ఆ కొట్టేయడం కుదరక వణుకు మొదలవుతుంది. క్రాస్ మార్పించాక వణుకు ఎక్కువైందని వచ్చే బళ్లలో ముందు చూసేది ఇదేనట.

లెక్క కూడా సరిపోయింది. 245/70 ఆర్16 టైరు చుట్టుకొలత దాదాపు 2.35 మీటర్లు. 20 స్పీడులో చక్రం సెకనుకు రెండు చుట్లకు పైన తిరుగుతుంది. క్రౌన్ రేషియో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు) నాలుగుకి కాస్త ఎక్కువ, కాబట్టి షాఫ్ట్ సెకనుకు దాదాపు 10 చుట్లు. చుట్టుకి రెండు ఊపులు, అంటే సెకనుకు 20. సీటు కింద తెలిసే గరగర వణుకు సరిగ్గా ఇలాంటిదే.

వంపు ఎక్కువైతే ఈ ఊపు కూడా ఎక్కువవుతుంది. మా చుట్టుపక్కల పికప్‌లన్నిటికీ చేయించినట్టే మాకూ వెనక కమాన్ కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించాం, మేత బస్తాల బరువుకి. దాంతో బండి వెనక భాగం పైకి లేచి, జాయింట్ల వంపు కంపెనీ పెట్టినట్టు లేదు. లోడు పడితే మళ్లీ మారుతుంది. కదిలేటప్పుడు పడే లాగుడుకి సెంటర్ బేరింగ్ పైకి ఎగదన్నుతుంది. మా బండికి ఆ రబ్బరు కింది భాగంలో నోరు తెరిచి ఉంది, లోపలి బేరింగ్‌ని చేత్తో పట్టుకుని ఎత్తితే పైకి లేస్తోంది. క్రాస్ బయటికి తీశాక దాని కాడ మీద సూది రోలర్లు నొక్కిన గీతలు వరసగా పడి ఉన్నాయి, గోరు పెట్టి లాగితే ఒక్కొక్కటీ తగులుతోంది.

మూడు క్రాస్‌లూ, సెంటర్ బేరింగూ మార్చాం. ఒక్కటే పోయింది కదా, ఒక్కటే మార్చండి అని నేను బేరం పెట్టాను. "మళ్లీ దింపుడు కూలి మీదేనండి" అన్నాడు, ఊరుకున్నాను. స్లిప్ జాయింట్ పళ్లు శుభ్రం చేసి మాలిబ్డినం గ్రీజు రాశాడు. కదిలేటప్పుడే కాదు, ఆగేటప్పుడు కూడా టంగు దెబ్బ వస్తే ముఖ్య కారణం అక్కడి పొడితనమే. బ్రేకు వేస్తే వెనక కమాన్లు మెలితిరిగి షాఫ్ట్ పొడుగు మారాలి. పళ్లు పొడిగా ఉంటే అవి పట్టుకుని ఉండి, ఒక్కసారి జారతాయి. బండి ఆగిన క్షణం తర్వాత వెనక ఎవరో తన్నినట్టు అనిపిస్తే ఇది చూసుకోండి. అదనపు పట్టీ మాత్రం తీయించలేదు, తీస్తే బస్తాలు మొయ్యదు.

మా ఉప్పునీళ్ల గురించి ఒక మాట. గట్టు మీద గుంటల్లో నిలిచేవి చెరువు నీళ్లే, ఉప్పు కలిసినవే. అవి క్రాస్‌ల మీదికి చిమ్ముతాయి. ఆ ఉప్పు పోవాలని కింద ప్రెజర్ వాటర్ కొట్టిస్తాం, ఆ దెబ్బకి సీళ్ల సందులోంచి నీళ్లు లోపలికి వెళ్లి గ్రీజుని కడిగేస్తాయి. కడిగించడం మానేస్తే ఛాసిస్ తుప్పు, కడిగిస్తే క్రాస్ తుప్పు. అందుకని ఇప్పుడు కడిగించిన రోజే గ్రీజు కూడా కొట్టిస్తున్నాం. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క మా ఏరియాకి పనికిరాదు.

మలుపుల్లో జర్క్ అన్నది ఇంకో కథ. గట్టు దిగి సిమెంటు రోడ్డు ఎక్కే చోట బాగా తిప్పాలి. అక్కడ స్టీరింగ్ బిగుసుకుని, బండి ఎవరో బ్రేకు వేసినట్టు ఆగి ఆగి, టైర్లు కుయ్యిమని, ఒక గెంతు గెంతేది. డ్రైవర్ కుర్రాడు దీన్ని కూడా జర్కుల లెక్కలో రాశాడు. ఇందులో రోగం ఏమీ లేదు, బండి 4హెచ్‌లో, అంటే మామూలు స్పీడు ఫోర్ వీల్‌లో ఉంది, అంతే.

మన పికప్‌లలో ఎక్కువగా వచ్చేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ (చుట్లలో తేడాని సర్దే గేర్లు) ఉండదు, 4హెచ్ వేస్తే రెండు షాఫ్ట్‌లూ ఒకదానికొకటి కట్టేసినట్టే. రెండూ ఒకే చుట్లు తిరగాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎప్పుడూ ఎక్కువ దూరం పోతాయి. ఇరుసుల మధ్య 3 మీటర్లు ఉందనుకోండి. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే, పదో తరగతి పైథాగరస్ ప్రకారం ముందు ఇరుసు మధ్యభాగం 5.8 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంది. పావు చుట్టు మలుపు పూర్తయ్యేసరికి వెనకది 7.9 మీటర్లు, ముందుది 9.2 మీటర్లు. ఆ మీటరు పైచిలుకు తేడా ఎక్కడో ఒకచోట జారాలి. బురదలో టైరు హాయిగా జారిపోతుంది, ఎవరికీ తెలియదు. సిమెంటు మీద జారదు. తేడా అంతా షాఫ్ట్‌లలో, గేర్లలో మెలిపడి పేరుకుని, పట్టలేనప్పుడు టైరు ఒక్కసారి గెంతుతుంది. ఆ స్థితిలో నాబ్ 2హెచ్‌కి, అంటే టూ వీల్‌కి, తిప్పినా గేరు వదలదు, లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. కంగారుపడక్కర్లేదు. తిన్నగా నాలుగు మీటర్లు రివర్స్ వస్తే మెలి విడిపోయి టక్కున దిగుతుంది.

తిన్నగా పోతున్నా ఇది జరగొచ్చు, టైర్లు సమానంగా లేకపోతే. మాకు వెనక రెండూ కొత్తవి, ముందువి అరిగినవి. టైరు గుండీ (నేలని పట్టే పళ్లు) ఎత్తులో 5 మిల్లీమీటర్లు తేడా ఉంటే చుట్టుకొలతలో 3 సెంటీమీటర్లు తేడా. కిలోమీటరుకి చక్రం 425 చుట్లు తిరుగుతుంది, అంటే కిలోమీటరుకి దాదాపు 13 మీటర్లు తేడా. సైడ్ వాల్ మీద ఒకే సైజు రాసి ఉన్నా కంపెనీ మారితే కూడా కొంత తేడా ఉంటుంది. టైరు మీద, నేల మీద సుద్దముక్కతో గీత పెట్టి, బండిని ఒక చుట్టు తోసి, టేపుతో కొలిస్తే తెలిసిపోతుంది. ముందువి, వెనకవి రెండూ ఒకే గాలితో కొలవండి. ఇప్పుడు నాలుగు టైర్లనీ తిప్పి తిప్పి సమానంగా అరగనిస్తున్నాం.

డ్రైవర్ కుర్రాడికి ఈ లెక్కంతా చెప్పాను. "అయితే రోడ్డెక్కగానే టూ వీల్ వేసెయ్యాలన్నమాట, అంతేగా బాబాయ్" అన్నాడు. అంతే.

బురదలోనే, 4హెచ్‌లోనే, తిన్నగా పోతుండగా ముందు వైపు నుంచి గర్‌ర్‌మని శబ్దం వచ్చి బండి పట్టీ పట్టనట్టు కుదుపు వస్తే మాత్రం అది రోగమే. వానాకాలం మధ్యలో మాకు అదీ వచ్చింది. మా బండిలో ముందు ఇరుసుని కలిపే పని వాక్యూమ్‌ది, అంటే పంపు గాలి పీల్చే లాగుడిది. ఒక చిన్న డబ్బా లాంటి యాక్చుయేటర్ వాక్యూమ్‌తో ఫోర్క్‌ని లాగితే, ఇరుసులోని స్లీవ్ జరిగి రెండు ముక్కల్నీ కలుపుతుంది. వాక్యూమ్ చాలకపోతే స్లీవ్ సగమే ఎక్కుతుంది. పళ్ల కొసలు మాత్రమే పట్టుకుని, బరువు పడగానే జారి, మళ్లీ పట్టుకుంటాయి. అలాగే నడిపితే పళ్లు గుండ్రంగా అరిగిపోయి మొత్తం ఇరుసు ఖర్చవుతుంది.

మేస్త్రి పెద్ద పరికరాలేమీ తియ్యలేదు. యాక్చుయేటర్ దగ్గర గొట్టం పీకి, ఆ డబ్బా కాడని లుంగీతో తుడిచి, ఒక చిన్న గొట్టం తగిలించి నోటితో పీల్చి నాలుకతో మూసిపెట్టాడు. గాలి నిలిచింది, అంటే డబ్బా మంచిదే. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, పీకిన గొట్టం కొసకి వేలు అడ్డంపెడితే లాగుడు నీరసంగా ఉంది. గొట్టం వెంట చేత్తో తడుముకుంటూ పోతే ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు) దగ్గర పళ్ల గాట్లు, ఎలుక. మేత బస్తాలు మోసే బండి కదా, చేప పొడి వాసనకి షెడ్డులో ఎలుకలు బండి చుట్టూనే కాపురం. అదే వాక్యూమ్ పంపు బ్రేక్ బూస్టర్‌కి కూడా పనిచేస్తుంది కాబట్టి గొట్టం లీకైతే బ్రేకు పెడల్ కూడా గట్టిపడొచ్చు, అశ్రద్ధ చెయ్యకూడదు. రెండడుగుల రబ్బరు గొట్టం, రెండు క్లిప్పులు. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన రిపేరు అదే, గట్టు మీద మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టిందీ అదే.

మీ బండిలో వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా పట్టేది) ఉంటే ఇంకోటి కూడా చూసుకోవాలి. హౌసింగ్‌లో మామూలు గేర్ ఆయిల్ పోసేస్తే నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు, 2హెచ్‌లో కూడా, వెనక నుంచి గడగడ వస్తుంది. దానికి వేరే ఆయిల్. మాది మామూలుదే కాబట్టి ఆ బాధ లేదు. బీఎస్6 బళ్లవాళ్లకి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) గొడవ అదనం, దాని సంగతి ఆ బళ్లు నడిపేవాళ్లే రాయాలి.

ఇప్పుడు బండి లోడుతో రెండో గేరులో గట్టు మీద ఒకే ఊపులో పోతోంది. ఒక్కటి మిగిలింది. ఏసీ వేసి ఆగి ఉంటే, కంప్రెసర్ పట్టుకున్నప్పుడల్లా ఇంజన్ ఒకసారి ఒళ్లు విదుల్చుకుంటుంది. కుడివైపు ఇంజన్ మౌంటింగ్ రబ్బరు దిగిందని మేస్త్రి అనుమానం. ఆర్డర్ పెట్టాం గాని, మార్చడానికి బండిని ఒక పూట నిలపాలి. ఈ పంట పట్టుబడి అయ్యేదాకా కుదరదు.